పొంగిన బుగ్గలు

కల్వకుర్తి పెండ్లిళ్లలో క్లారినెట్ ఊదే మాస్టర్ సాబ్ ఒక ఏడాది కీబోర్డు కొన్నాడు. ఊదే పని లేకపోయినా, వేళ్లు మీటల మీద పరుగెడుతుంటే పాత అలవాటు కొద్దీ ఆయన బుగ్గలు పొంగేవి.

మా అక్క పెండ్లికి బేరమాడింది నేనే. దుకాణంలో పెరిగినవాణ్ని, ఊరుకుంటానా? "పాట మిషనే వాయిస్తది గద సాబ్, జర తగ్గు" అన్నాను. ఆయన తగ్గాడు.

పందిట్లో మా మామ అదే మాట గట్టిగా అందుకున్నాడు. "గా డబ్బా దానంతట అదే మోగుతాంది. సాబ్ ఊకెనే బుగ్గలుబ్బిస్తుండు!"

అందరూ నవ్వారు. మాస్టర్ సాబ్ ఆపేసి నన్ను పిలిచాడు. "నువ్వు కూసో సేఠ్. అదే మోగుతదేమో సూద్దాం."

నాకు పాటెక్కడ వస్తుంది? ఆయన నొక్కుతుండగా చూసిన బటనొకటి నొక్కాను. డోలు దరువు దానంతట అదే మొదలైంది. నేను చేతులు రెండూ పైకెత్తి ఊపాను. ఆయన పాటకు ఎన్నడూ పడనన్ని చప్పట్లు పడ్డాయి.

"డోలు మిషన్‌ది, పాట నాది" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. అది తెలిసిన నేనేమో లేచి అందరికీ దండం పెట్టాను.

ఆయన సాయంత్రం దాకా వాయించాడు, ఒక్క స్వరం తప్పలేదు. నేను పందిట్లో ఎటు తిరిగినా ఆ బుగ్గల వైపే చూశాను. అవి మళ్లీ పొంగలేదు.