వంతెన దగ్గర మర్యాద

టీచరుగారు పోయారన్న కబురు ఆటో అతనే తెచ్చాడు. ఉదయం షాపు తలుపు తీసి మిషనుకు నూనె వేస్తున్నాను. ఆటో వచ్చి ఆగింది గానీ మనిషి దిగలేదు. ఎవరో జాకెట్ల కోసం పంపించి ఉంటారనుకుని, "ఇంకా హుక్సు కుట్టలేదు, సాయంత్రం రమ్మనండి" అని లోపలినుంచే కేకేశాను. కాసేపటికి గుమ్మం దాకా వచ్చి నిలబడి, "టీచరుగారు లేరండి. తెల్లారగట్ల నిద్దట్లోనే వెళ్ళిపోయేరండి" అన్నాడు. అని, గోడవారనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ వైపు చూశాడు. అది నేను కస్టమర్ల కోసం కొన్న కుర్చీ. కొన్న నెలకే టీచరుగారిదైపోయింది.

ఈ నాలుగు మాటలూ రాస్తున్నది తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు వైపు వచ్చే దారిలో, కాలవ వంతెన పక్కన బట్టలు కుట్టుకునే మనిషి. చిన్నప్పుడు మిషనరీ బడిలో నాకు సైన్సు చెప్పింది ఆవిడే. రిటైరయ్యాక మా వెనక వీధిలోనే ఉండేవారు. రోజూ సాయంత్రం కాఫీ తాగి వచ్చి నా షాపులో కూర్చునేవారు. నా కబుర్లంటే ఆవిడకి ఇష్టమని చాలాకాలం మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆవిడ వచ్చేది వంతెన కోసమట. ఆవిడ ఇంటినుంచి చూస్తే వంతెన కనపడదు, నా షాపులోంచి బాగా కనపడుతుంది. ఆ మాట నాతోనే అన్నారు, నేను ఏమనుకుంటానో అని కూడా చూడలేదు. రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆవిడ అది గమనించినట్టు కూడా లేదు.

మా వంతెన ఇరుకు. ఒక బండి ఎక్కితే రెండో బండి ఇవతల ఆగాల్సిందే. మధ్యలో కొంచెం ఎత్తు, అందుకని ఆటో, స్కూటరు లాంటివి అవతలి నుంచి వస్తుంటే ఆ ఎత్తు ఎక్కేదాకా ఇవతలివాళ్ళకి కనపడవు. ఆ వంతెన మీదే టీచరుగారి భర్త పోయారు. మా బడిలో డ్రిల్లు మేష్టారు ఆయన. స్కూటరు మీద వస్తుంటే ఎదురుగా వచ్చిన ఆటో గుద్దేసింది. ఆ ఆటో నడిపింది, ఇప్పుడు నా గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న ఈ మనిషే.

ఊరంతా ఒక్కటే మాట అంది, మేష్టారిని వీడే పొట్టన పెట్టుకున్నాడని. కోర్టులో కేసు ఎటో అటు తేలిపోయింది. జనం నోళ్ళలో మాత్రం తేలలేదు. అతని ఆటోలో పిల్లల్ని బడికి పంపడం మానేశారు. స్టాండులో అతని వంతు వచ్చినా, మనుషులు చూసీ చూడనట్టు వెనక ఆటో ఎక్కేవారు. పనున్నా లేకపోయినా పొద్దుటినుంచి అక్కడే కూర్చునేవాడు. ఇంట్లో కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. టీచరుగారైతే అతను కనపడితే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేవారు. అది కొన్నేళ్ళు సాగింది.

ఒకరోజు నేను ఫాల్ కుడుతుంటే, ఆ కుర్చీలోంచి ఉన్నట్టుండి అన్నారు. "తప్పు అతనిదైతే అతనిదని నాకు తెలియాలి. కాకపోతే కాదనీ తెలియాలి. ఏమీ తెలియకుండా ఊరికే కోపంగా ఉండటం నాకు చేతకావడం లేదమ్మాయ్."

ఆ వంతెన దగ్గర మేష్టారి తర్వాత కూడా జనం పడుతూనే ఉన్నారు. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు గానీ చేతులూ కాళ్ళూ విరిగాయి. చోటు మంచిది కాదని కొందరు గుమ్మడికాయలు కొట్టారు. పాస్టరుగారు వచ్చి వంతెన మొదట్లో ప్రార్థన చేయించారు. టీచరుగారు కూడా వెళ్ళి నిలబడ్డారు, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. అదేమిటండీ అని అడిగితే, "చూడకుండా నమ్మడం ప్రార్థనలో సరే, రోడ్డు మీద కుదరదు. అవతల బస్సు వస్తోంది కదా" అన్నారు.

ఆవిడ మొదటి అనుమానం చేపల లారీల మీద. కొల్లేరు వైపు నుంచీ, ఉండి ఊరి వైపు నుంచీ వచ్చే లారీలు దారంతా ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. ఆ నీళ్ళు జారుడు, వాసన సంగతి సరేసరి. టీచరుగారు పొద్దున్నే వెళ్ళి చెప్పుతో రోడ్డును రుద్ది చూసేవారు. మళ్ళీ సాయంత్రం వెళ్ళి రుద్దేవారు. దారిన పోయేవాళ్ళు ఆవిడ పేడ తొక్కారనుకుని జాలిపడేవారు. చివరికి తేల్చింది ఏమిటంటే, తడి ఉండేది పొద్దున్న, జనం పడేది సాయంత్రం. లారీలను వదిలేశారు.

తర్వాత సూర్యుడి మీద పడ్డారు. సాయంత్రం ఎండ కళ్ళల్లో కొడుతోందేమోనని వంతెన మొదట్లో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. బస్సు ఆగింది. కండక్టరు దిగి, "ఎక్కుతారా మామ్మగారూ" అన్నాడు. "లేదు బాబూ, సూర్యుణ్ణి చూస్తున్నాను, నువ్వు వెళ్ళు" అన్నారట. అతను నా షాపు దాకా వచ్చి, ఆవిడ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. మబ్బు పట్టిన రోజున కూడా ఒక సైకిలాయన పడ్డాక సూర్యుణ్ణీ వదిలేశారు. రోడ్ల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఇరుకు వంతెన అని బోర్డు పెట్టించారు. దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు. ఆ ఫ్లెక్సీ టీచరుగారే కత్తెరతో కోసేశారు. కత్తెర నాదే, ఆ తర్వాత గుడ్డ సరిగ్గా తెగలేదు.

నాకు విసుగొచ్చేది. ఒకసారి అనేశాను కూడా. "పోయినాయన తిరిగి రారు కదండీ, ఎందుకండీ ఈ తిరుగుడు?" ఆవిడ కోప్పడలేదు. నా చేతిలోని జాకెట్టు తీసుకుని తిరగేశారు.

"ఇది ముందు ఎక్కడ చిరుగుతుంది?"

"చంక దగ్గరండి."

"గుడ్డ అంతా ఒకటే కదా, అక్కడే ఎందుకు?"

"లాగుడంతా అక్కడే కదండీ. చెయ్యి ఎత్తినప్పుడల్లా."

"అదే నేను చూస్తున్నాను. ఈ వంతెన దగ్గర లాగుడు ఎక్కడుందో" అని జాకెట్టు ఇచ్చేసి మళ్ళీ బయటికి చూడసాగారు. నిజం చెప్పాలంటే నాకూ చూడబుద్ధేసింది. పాదం మిషను మీదున్నా కళ్ళు వంతెన మీదుండేవి. ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టేశాను.

వర్షాకాలం ముగిసేవేళ అనుకుంటాను. వంతెనకు అటూ ఇటూ బళ్ళు ఆగిపోయి, నేను ముందంటే నేను ముందని తిట్టుకుంటున్నారు. హారన్ల మోతకు చెవులు పోతున్నాయి. టీచరుగారు మాత్రం తృప్తిగా చూస్తున్నారు. "ఇవాళ ఎవరూ పడరు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "పోట్లాడుకున్న రోజున ఇక్కడ ఎవరూ పడలేదమ్మాయ్, గమనించావా? ఎవరినీ ఎవరూ నమ్మరు. అందరూ కళ్ళు చించుకుని చూసుకుంటారు. మనవాళ్ళు మర్యాదగా ఉన్న రోజునే పడుతున్నారు" అన్నారు.

నేను నవ్వాను. మర్యాదకి పేరున్న ఊళ్ళు మావి. కాకిని కూడా ఏవండీ అంటామని బయటివాళ్ళు వేళాకోళం చేస్తారు. ఆ మర్యాద వల్ల కాళ్ళు విరగడమేమిటి అన్నాను. మర్నాడు ఆవిడ నన్ను పంపి ఆటో అతన్ని షాపుకి పిలిపించారు.

అతను వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు. టీచరుగారు క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టే అడిగారు.

"ఆ రోజు నువ్వు వంతెన ఎందుకు ఎక్కావు బాబూ?"

"రమ్మన్నారండి."

"ఎవరు?"

"ఇవతల గడ్డి ట్రాక్టరు ఆగుందండి. అది తోలే ఆయన సీటు ఎత్తు కదండి, అక్కణ్ణుంచి నన్ను చూసి చెయ్యి ఊపేరండి, వచ్చెయ్యమని. ఎక్కేసేనండి."

"ఎక్కేముందు ఆగి చూశావా?"

అతను తల దించుకున్నాడు. "లేదండి. పాపం ఆయన నాకోసం అంత బండి ఆపుకుని కూర్చున్నారు కదండి. దారిచ్చిన మనిషిని కాయించకూడదని గబగబా వచ్చేసేనండి. అదేనండి నా తప్పు."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదే?"

"నన్నెవరూ అడగలేదండి. అందరూ ఎంత స్పీడులో వచ్చేవనే అడిగేరండి."

నేను మిషను ఆపేశాను. టీచరుగారు తనకి తెలిసిన మిగతా సగం చెప్పారు. ఆ ట్రాక్టరు వెనకే మేష్టారి స్కూటరు ఆగి ఉందట. గడ్డి వాము అంత లోడు, ముందేముందో ఆయనకి కనపడదు. ఆ గడ్డి మీద వెనక్కి తిరిగి ఒక కూలి మనిషి కూర్చున్నాడు. మేష్టారిని చూసి, పాపం పెద్దాయన కాచుకుని ఉన్నారని, "మీరు వెళ్ళండి మేష్టారూ" అని చెయ్యి ఊపాడు. దారిచ్చాక ఇంకా ఆగితే బాగోదని మేష్టారూ గబుక్కున ముందుకొచ్చారు. ట్రాక్టరు ముందున్నాయన ఒకరికి మర్యాద చేశాడు, వెనకున్నాయన ఇంకొకరికి చేశాడు. ఒకరు చేసింది ఒకరికి తెలియదు. ఆ రెండు మర్యాదలూ వంతెన మీద ఎదురెదురుగా వచ్చాయి.

"ఆ గడ్డి మీదాయన ఎవరండీ?" అని అడిగాను, నా నోరు ఊరుకోదు కదా.

"తెలుసు. ఈమధ్యనే తనంతట తనే వచ్చి చెప్పుకుని ఏడ్చాడు. పేరు మాత్రం చెప్పను. చెప్తే ఈ ఊళ్ళో రేపటినుంచి ఎవరూ ఎవరికీ దారివ్వరు" అన్నారు. ఆఖరిదాకా చెప్పలేదు. నేను ఎన్ని రకాలుగా లాగినా చెప్పలేదు.

అప్పుడు ఆవిడ లేచి, చీర సర్దుకుని, బయటికి నడిచి ఆ ఆటోలో కూర్చున్నారు. సాయంత్రం వేళ, రోడ్డు నిండా జనం. పాల కేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు. "గూడెం మార్కెట్టుకి పోనియ్యి బాబూ. వంతెన దగ్గర నీ కళ్ళతో నువ్వు చూసుకో" అన్నారు. అతను ఎన్నిసార్లు లాగినా ఆటో స్టార్టు కాలేదు. ఆవిడ తొందర పెట్టలేదు. ఎప్పటికో స్టార్టయింది. ఆ మర్నాటినుంచి ఏలూరు ఆస్పత్రికి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా అతని ఆటోలోనే. కొన్నాళ్ళకి ఒక తల్లి తన పిల్లని ఆ ఆటోలో బడికి పంపింది. తర్వాత ఇంకో తల్లి.

టీచరుగారు అక్కడితో ఆగే మనిషి కాదు. ఆటో స్టాండుకి వెళ్ళారు, రైసుమిల్లు దగ్గర ట్రాక్టర్లవాళ్ళని నిలబెట్టారు, చేపల లారీ డ్రైవర్లు టీ తాగే చోటికీ వెళ్ళారు. చెప్పింది ఒక్కటే. "దారి ఇవ్వండి, చెయ్యి మాత్రం ఊపకండి. మీరు చూసేది మీ ముందున్న దారి. అవతలాయనకి కావలసింది ఆయన దారి. ఆయన్నే చూసుకోనివ్వండి."

"చెయ్యి ఊపకుండా ఊరికే కూర్చుంటే పొగరనుకుంటారండి" అన్నాడొక ట్రాక్టరాయన. అందరూ నవ్వారు.

"అయితే దణ్ణం పెట్టండి. దణ్ణానికి రెండు చేతులూ కావాలి, ఇంక రమ్మని ఊపడానికి చెయ్యి మిగలదు" అన్నారు.

మొదట్లో ఎగతాళికే పెట్టేవారు. బండి ఆపడం, స్టీరింగు మీద రెండు చేతులూ జోడించడం, పళ్ళికిలించడం. తర్వాత తర్వాత నవ్వు పోయింది, దణ్ణం మిగిలింది. కొత్తగా వచ్చిన డ్రైవర్లకి పాతవాళ్ళే చెప్పేవారు. ఇప్పుడు పడటం పూర్తిగా పోయిందని నేను చెప్పను. టీచరుగారు ఉంటే అంత గట్టిగా అననిచ్చేవారు కాదు, ఇంకా చూడాలమ్మాయ్ అనేవారు. కానీ నా షాపులోంచి అరుపు విని పరిగెత్తడం నాకు బాగా తగ్గింది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నదాంట్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. దుఃఖంలో ఉండి కూడా ఎందుకు అని అడగవచ్చునని, ఆ అడగడం వల్ల దుఃఖానికి అవమానమేమీ జరగదని. ఆవిడ లేకపోతే నేను కూడా ఈ మనిషి ఆటో ఎక్కకుండానే పోయేదాన్ని.

సమాధుల తోట కాలవకి అవతల ఉంది. చర్చి బండిలో టీచరుగారి పెట్టె ఎక్కించాక, "బండి నేను తోలతానండి" అన్నాడు ఆటో అతను. ఎవరూ కాదనలేదు. మేము వెనక నడిచాం. నీలం కుర్చీని షాపులోనే, వంతెన వైపు తిప్పి ఉంచి వచ్చాను.

వంతెన దగ్గరకి రాగానే బండి ఆగింది. ఇవతలివైపు బళ్ళన్నీ అప్పటికే పక్కకి తీసి మాకు దారిచ్చేశారు. అయినా అతను ఇంజను ఆపి దిగాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఒక్కడూ నడుచుకుంటూ వంతెన మధ్య ఎత్తు దాకా వెళ్ళి అవతలికి చూశాడు. నేనూ ఉండబట్టలేక అతని వెనకే వెళ్ళాను. అవతల మొదట్లో చేపల లారీ ఆగి ఉంది, దాని కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. లారీ వెనక కాలేజీ బస్సు, దాని వెనక ట్రాక్టర్లు. హారను లేదు. డ్రైవర్లందరూ స్టీరింగుల మీద రెండు చేతులూ జోడించి కూర్చున్నారు. రమ్మని ఒక్క చెయ్యి కూడా ఊగలేదు. అతను అటూ ఇటూ ఇంకోసారి చూసుకుని వెనక్కి వచ్చాడు. బండెక్కి, మెల్లగా టీచరుగారిని వంతెన దాటించాడు.