మాస్టారి కారుకు సరిపోయిన బ్రేకులు

బజారులో ఆయన్ని అందరూ కోటు మాస్టారు అంటారు. ముప్పై ఆరేళ్లుగా కోట్లు కుడుతున్నారు. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం ఉన్న మనిషిని కూడా అద్దం ముందు నిటారుగా నిలబెట్టగలరని పేరు. మాటకారి మాత్రం కాదు. పొద్దస్తమానం నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే మనిషికి మాటలెక్కడివి అంటుంది ఆయన భార్య.

అలాంటి మనిషికి యాభై ఆరో ఏట ఒక స్పోర్ట్స్ కారు మీద మనసు పడింది. ఎవరో వాడి అమ్మేసిన పదకొండేళ్ల బండి. ముదురు నీలం రంగు, రెండు తలుపులు, ఇద్దరికే చోటు, నేలకు ఆనుతుందా అన్నట్టుండే ఒళ్లు. కొని ఇంటిముందు నిలిపిన రోజు భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"బాగుందండీ. ఎక్కడం సరే, దిగేటప్పుడు మాత్రం నలుగురొచ్చి లాగాలేమో," అంది.

ఈ వయసులో ఇదేం సరదా అని ఆమె అడగలేదు. అడగనందుకు మాస్టారు లోలోపల ఎంతో పొంగిపోయారు.

ఆదివారం బయటికి తీసి, తుడిచి, మళ్లీ ముసుగు కప్పేసే రకం కాదాయన. రోజూ అందులోనే కొట్టుకు వెళ్లేవారు. ఇంటి మలుపు తిరగ్గానే పిల్లల బడి. బడి దాటాక కొండెక్కే దారి. పైకెక్కాక మూడు కిలోమీటర్ల దిగుడు, అందులో ఏడు మలుపులు, కింద బజారు. ఆ ఏడు మలుపులూ తిరిగే కాసేపు మాస్టారికి మోకాళ్ల నొప్పి ఉండదు, ఇవ్వాల్సిన కోట్లు గుర్తుకు రావు.

కారు కొన్న మూడో ఏడు బ్రేకులు కీచుమనడం మొదలుపెట్టాయి. మెకానిక్ చక్రం ఊడదీసి చూసి పెదవి విరిచాడు.

"చక్రాన్ని పట్టి ఆపే ప్యాడ్లు అట్టముక్కల్లా పల్చబడిపోయాయి మాస్టారూ. మార్చాల్సిందే. ఏ రకం వెయ్యమంటారు?"

అందులో రకాలుంటాయని మాస్టారికి అప్పటిదాకా తెలియదు. ఆలోచించి చెబుతానని ఇంటికి వచ్చేసరికి బావమరిది వచ్చి కూర్చుని ఉన్నాడు. భార్యకు తమ్ముడు. నడిపేది సామాన్లు చేరవేసే వ్యాను, చూసేది కార్ల పందేలు. సలహా ఇవ్వడంలో మాత్రం ఎవరికీ లోటు చెయ్యడు.

"ఇందులో ఆలోచించేదేముంది బావా! స్పోర్ట్స్ కారుకి పందేల ప్యాడ్లే వెయ్యాలి. ఎర్రగా కాలినా పట్టు వదలవు. పులిని కొనుక్కుని గడ్డి పెడతావా?"

పులి మాట మాస్టారికి బాగా ఎక్కింది. మర్నాడు మెకానిక్ తల గోక్కుంటూ, "అవి రోజూ తిరిగే బండికి పనికిరావేమోనండీ," అని నసిగినా వినిపించుకోలేదు. పందేల ప్యాడ్లే తెప్పించి వేయించారు.

ఇక్కడ ఆయన కూతురి సంగతి చెప్పాలి. ఒక్కతే కూతురు. ఊరి అవతలి కొసన బ్రేక్ ప్యాడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా పనిచేస్తోంది, అక్కడికి దగ్గర్లోనే చిన్న ఇల్లు తీసుకుని ఉంటోంది. మరి సలహా ఆమెనే అడగొచ్చు కదా! అడగకపోవడానికి కారణం ఉంది. కూతురు తెల్లని గదిలో, నలగని బట్టల్లో కూర్చుని పనిచేస్తుందని ఆయన ఎన్నో కలలు కన్నారు. ఆమె ఇంటికొచ్చిన ప్రతిసారీ చొక్కా చేతుల అంచుల్లో నల్లటి దుమ్ము కనబడేది. గుడ్డతో బతికే మనిషి కంటికి మొదట ఆనేది అదే. ఎవరైనా అడిగితే, "ఫ్యాక్టరీ ఆఫీసులో ఉంటుందండీ," అని మాట తప్పించేవారు. ఆమె చేసే పనేమిటో ఒక్కసారీ అడగలేదు. ఆరేళ్లు అడగనివాడు ఇప్పుడు తన కారు కోసం అడగాలంటే మొహం చెల్లలేదు.

కొత్త ప్యాడ్లు వేసిన మూడో రోజు పొద్దున్న బాగా చలిగా ఉంది. మాస్టారు ఇంటి నుంచి బయల్దేరి బడి దగ్గరికి వచ్చారు. పిల్లల్ని రోడ్డు దాటించే పెద్దావిడ ఎర్రజెండా ఎత్తి పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడింది. మాస్టారు ఎప్పటిలాగే బ్రేకు మీద కాలు వేశారు. కారు ఆగలేదు. ఆగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ముందుకే జారింది. ఆయన సీటులోంచి లేచినంత పనిచేసి, ఉన్న బలమంతా పెట్టి తొక్కితే, గీత దాటి, ఆవిడ మోకాళ్లకు జానెడు దూరంలో వచ్చి నిలిచింది. పిల్లలు ఇంకా అటు గట్టునే ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

పెద్దావిడ కదల్లేదు. వంగి, అద్దంలోంచి మాస్టారిని చూసింది.

"ఏం మాస్టారూ, కొలతలు తీసుకోడానికి ఇంత దగ్గరికి రావాలా?"

ఆయన దిగి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారు. ఆవిడ నవ్వి పంపించేసింది కానీ, ఆ రోజు కొట్లో ఆయన గుడ్డ కోయడం మానేసి బొత్తాలు కుట్టుకుంటూ కూర్చున్నారు.

సాయంత్రం సంగతంతా విని భార్య అంది: "బావమరిది బతకగోరతాడంటారు. మావాడు మిమ్మల్నీ, ఆ పెద్దావిణ్నీ ఒకేసారి పంపించేలా ఉన్నాడే! ఇంట్లో బ్రేకుల మనిషిని పెట్టుకుని ఊళ్లో సలహాలు అడుక్కుంటారేంటండీ?"

ఫోను ఆమే కలిపి చేతికిచ్చింది.

కూతురు అంతా వింది. తిట్టలేదు. "అవి వేడెక్కితేగానీ పట్టవు నాన్నా. పందెంలో ముందు రెండు చుట్లు తిప్పి వేడెక్కిస్తారు. నీకు ఇల్లు దాటగానే బడి. రేపు కారు తియ్యకు. బస్సులో మా ఫ్యాక్టరీకి వచ్చెయ్," అంది.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర కూతురి పేరు చెప్పగానే కాపలా మనిషి లేచి నిలబడి, "మేడంగారి నాన్నగారా!" అంటూ తనే లోపలికి తీసుకెళ్లాడు. అదొక పొడుగాటి గది. మధ్యలో మందపాటి అద్దాల వెనక ఇనప యంత్రం, దానికి బిగించిన, పళ్లెంలాంటి కారు బ్రేకు డిస్కు. కూతురు కళ్లకు అద్దాలు పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన తనకన్నా పెద్దవాళ్లు ఇద్దరు ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నారు. ఆమె చెయ్యి ఊపగానే డిస్కు గిర్రున తిరిగింది, ప్యాడ్లు దాన్ని పట్టాయి. పట్టి, వదిలి, పట్టి, వదిలి, పదో పట్టుకల్లా ఇనుము నిప్పులా ఎర్రబడింది. మాస్టారు తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు. కూతురు మాత్రం ముప్పై పట్లు అయ్యేదాకా అద్దానికి మొహం ఆనించి చూసి, "ఇది పనికిరాదు. ముప్పయ్యో పట్టు దగ్గర జారుతోంది. ప్యాడ్ల మిశ్రమం మళ్లీ కలపండి," అంది. పెద్దవాళ్లిద్దరూ మారుమాట్లాడకుండా రాసుకున్నారు.

కుట్టిన కోటును మళ్లీ విప్పమని చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలో మాస్టారికి తెలుసు. ఆ మాటను కూతురు గొంతు పెంచకుండా అనేసింది. ఆయన కడుపు నిండిపోయింది.

యంత్రం ఆగాక మెల్లగా అన్నారు: "నువ్వు ఆఫీసులో ఉంటావని అందరికీ చెబుతున్నానమ్మా."

"తెలుసులే నాన్నా. మా మేనేజరు కోటు నీ దగ్గరే కుట్టించుకుంటాడుగా. వచ్చి నాతో చెప్పి ఒకటే నవ్వు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వుతూ ఆయన చొక్కా మీద పడ్డ దుమ్ము దులపబోయింది. ఉండనీ అన్నారాయన.

ఆదివారం తెల్లవారాక, రోడ్డు మీద జనం లేని వేళ, ఆమె ఒక పుస్తకం, వేడి చూసే చిన్న పరికరం తీసుకుని కారెక్కింది. "బడి దాకా నడకంత మెల్లగా పోనీ. తర్వాత రోజూ ఎలా నడుపుతావో అలా నడుపు. నేనున్నానని బుద్ధిమంతుడివైపోకు," అంది. బడి దగ్గర ఆపించి, దిగి, డిస్కు వేడి చూసి రాసుకుంది. కొండ మీద ఆపించి రాసుకుంది. ఏడు మలుపులూ దిగాక బజారులో ఆపించి చూసి కనుబొమలెత్తింది.

"మూడు వందల నలభై డిగ్రీలు! దిగేటప్పుడు గేరు తగ్గించవా నాన్నా? బరువంతా బ్రేకు మీదేనా?"

"ఆ మలుపుల కోసమేగా తల్లీ ఈ కారు కొన్నది."

ఆమె నవ్వును బిగబట్టుకుని అది కూడా రాసుకుంది. మాస్టారు ఓరగా ఆ పుస్తకంలోకి చూశారు. మెడ, ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు అని ఆయన రాసుకున్నట్టే, ఆమె బడి, ఎక్కుడు, దిగుడు, బజారు అని వరసగా రాసి ఎదురుగా అంకెలు వేసుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల మీద రెండు జతల ప్యాడ్లు పెట్టింది. పేర్లు కనబడకుండా కాగితం అంటించి ఉంది.

"ఇది చల్లగా ఉన్నా చటుక్కున పడుతుంది. చప్పుడు లేదు, దుమ్ము లేదు, చక్రాలు తళతళలాడుతుంటాయి. కానీ మూడు వందలు దాటితే కొంచెం మెత్తబడుతుంది. ఇదేమో చలిలోనూ పడుతుంది, నీ దిగుడంతా తట్టుకుంటుంది. కాకపోతే చక్రాల మీద నల్లదుమ్ము పడుతుంది, అప్పుడప్పుడూ కాస్త సణుగుతుంది. ఏది కావాలో నువ్వే చెప్పు."

"నాకేం తెలుసమ్మా?"

"కోటు ఎవరికి కుడుతున్నామో చూసుకోవాలని చెప్పేది నువ్వేగా."

మాస్టారు రెండిటినీ చేతుల్లోకి తీసుకుని, గుడ్డను చూసినట్టు వేలితో తడిమి చూశారు. మనసు మొదటిదాని మీదే ఉంది. నల్లదుమ్మంటే ఆయనకు మొదటినుంచీ పడదు. కానీ జానెడు దూరంలో నిలబడ్డ పెద్దావిడ కళ్లముందు కదిలింది. బ్రేకు మెత్తబడితే ఎదురుగా పడేది ఏడో మలుపు కింది కూరగాయల బళ్లేనన్నదీ గుర్తొచ్చింది.

"దుమ్ముదేముంది, తుడుచుకుంటాను. ఈ రెండోదే వేయించు," అన్నారు.

కూతురు తలూపింది.

"ఇది నువ్వు చేసిందేనా?" అని ఆశగా అడిగారు.

"కాదు నాన్నా. అది వేరే కంపెనీ వాళ్లది. నేను చేసింది ఇది," అంటూ మొదటి జత మీది కాగితం తీసింది. "రెండేళ్లు పట్టింది. పిల్లాజెల్లాతో తిరిగే ఇంటి కార్ల కోసం చేశాను. వాటికి ఇంతకంటే మంచిది లేదు. నీ కారుకు మాత్రం ఇది వద్దు."

మాస్టారు ఆ మొదటి జతను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దమనిషి ఖరీదైన గుడ్డ ఏరుకుని కోటు కుట్టమంటే, ఈ గుడ్డ మీ ఒంటికి నప్పదు, ఎదురు కొట్లో దొరికేది తెచ్చుకోండి అని ఆయన చెప్పి పంపారు. ఆ రోజు నాలుగేళ్ల కూతురు కొట్లో బల్ల కింద ముక్కలు ఏరుకుంటూ ఉంది. ఆమె విన్నదో లేదో ఆయనకు తెలియదు. అడగనూ లేదు. లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చారు.

సోమవారం మెకానిక్ కొత్త ప్యాడ్లు వేశాడు. పందేల ప్యాడ్ల పూత డిస్కులకు అంటుకుని ఉంటే కొత్తవి కుదురుకోవని కూతురు పక్కన నిలబడి డిస్కులు కూడా శుభ్రంగా తోమించింది. "నేను ముందే చెప్పానండీ," అన్నాడు మెకానిక్. "చెప్పావు నాయనా. నాదే తప్పు," అన్నారు మాస్టారు. కొత్తవి కుదురుకోవడానికి ఆ సాయంత్రం ఖాళీ రోడ్డు మీద ఆమె చెప్పినట్టే వేగం పెంచి, పూర్తిగా ఆపకుండా తగ్గించి, మళ్లీ పెంచి, పదిసార్లు అలా చేసి, ఆ తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా తిప్పి తీసుకొచ్చారు. మర్నాడు చలిలోనే బడి దగ్గర కారు గీతకు ఇవతల, గజం ముందే, బుద్ధిగా నిలబడింది.

ఇప్పుడు కొట్టుకు వచ్చినవాళ్లు భుజం కొలత ఇవ్వడానికి చేతులు చాపి నిలబడగానే మాస్టారు మొదలుపెడతారు. టేపు మెళ్లోనే వేలాడుతుంటుంది. ఎర్రగా కాలిన ఇనుము సంగతి, పుస్తకంలో అంకెల సంగతి చెప్పి, చివరికి, "తను చేసిన ప్యాడ్లు నాకు వద్దందండీ మా అమ్మాయి!" అని తల ఎగరేస్తారు.

మొన్న ఒకాయన అర్థంకాక, "కన్నతండ్రికి సొంత సరుకు వద్దందా? అందులో అంత గొప్పేముందండీ?" అని అడిగాడు.

మాస్టారు సూదులు పక్కన పెట్టి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.