షింబా కొండల్లో గుసగుసలు

మా ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచేవాడు. అది మూతపడ్డాక కొన్నేళ్లు ఆటో నడిపి, చివరికి కెన్యా తీరంలోని ఓ చక్కెర మిల్లులో రెండేళ్ల ఒప్పందానికి చేరాడు. గడువు ముగియవస్తుంటే, వెంటబెట్టుకుని వద్దామని నేనే బయలుదేరాను. పాపను అక్క దగ్గర ఉంచాను. వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి.

పొద్దున ఆరింటికి బోధన్‌లో బస్సెక్కి, నిజామాబాద్‌లో మారి హైదరాబాద్ చేరాను. అక్కణ్నుంచి ముంబై మీదుగా నైరోబీ. మర్నాడు ఎనిమిదింటి రైల్లో కూర్చుంటే రెండు దాటాక మొంబాసా. స్టేషన్లో మా ఆయన నా సంచి అందుకుని, "సకినాలు తెచ్చినవా?" అన్నాడు. రెండేళ్ల తర్వాత మొదటి మాట అదీ!

ఆదివారం తెల్లవారుజామున టాక్సీలో షింబా కొండల అభయారణ్యానికి వెళ్లాం. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, గేటు దగ్గర నగదు తీసుకోరు. తుపాకీ భుజాన వేసుకున్న గార్డు సలమా మా ముందు నడిచింది. మంచులో కొమ్మల మీద తెల్ల శాలువా కప్పుకున్నట్టున్న నల్ల కోతులు కనిపించాయి.

"గవి కొలోబస్‌లు. ఆకులు తినే బతుకుతయి," అన్నాడు మా ఆయన, తన పెరటి కోళ్ల గురించి చెప్పినట్టు.

పచ్చిక బయలు అంచున సలమా మమ్మల్ని కూర్చోబెట్టి, పెదవుల మీద వేలు పెట్టింది. సేబుల్ జింకలు అక్కడికే మేతకొస్తాయట. అరగంట గడిచాక మా ఆయన నా చెవిలో అన్నాడు:

"మిల్లోళ్లు ఇంకో రెండేండ్లు ఉండుమన్నరు. నేను సరే అన్న."

ఒళ్లు మండింది. "నన్నడుగొద్దా? నిన్ను తోల్కపోతందుకే వచ్చిన గద!"

"ష్!" అంది సలమా.

"అడిగితే వద్దంటవని..."

"అంటనే! అనొద్దా?"

"ష్!"

ఆయన తల దించుకున్నాడు. "ఆటో తోలినన్ని దినాలు నాకు ఏ పనీ రానట్టే ఉండె. ఈడ పాకం వేళ్ల నడుమ సాగదీసి 'ఆపుండ్రి' అంటే అందరు ఆగుతరు."

అప్పుడే పొదల్లోంచి మగ సేబుల్ వచ్చింది. బొగ్గులాంటి ఒళ్లు, తెల్లటి పొట్ట, వీపు మీదికి వంగిన కొమ్ములు. వెనకే ఎర్రటి ఆడజింకలు, ఒక పిల్ల. పిల్ల వెనకబడితే తల్లి ఆగి, అది వచ్చేదాకా కదల్లేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కోపంగానే ఉన్నా విడిపించుకోలేదు.

అవి మేసుకుంటూ అడవిలోకి పోయాక చెప్పాను: "ఒక్క ఏడాది. రెండు గాదు. ఎండకాలం సెలవులల్ల పాప, నేను వస్తం."

"అడిగి చూస్త," అన్నాడు. కళ్లు తుడుచుకోవడం చూశాను.

వారం తర్వాత మూడింటి రైల్లో ఒక్కదాన్నే తిరుగు ప్రయాణమయ్యాను. సింహాలు చూడాలనుకునేవాళ్లు షింబాకు పోకండి. కదలకుండా కూర్చునే ఓపిక, పక్కన మనసుకు దగ్గరివాళ్లు ఉంటే మాత్రం పోయి రండి.

దారిలో త్సావో అడవి దగ్గర ఫోన్ మోగింది. "ఏడాదికే ఒప్పుకున్నరు!"

అదే సమయానికి కిటికీ బయట ఎర్రమట్టి పూసుకున్న ఏనుగుల గుంపు కనబడింది. చెప్పాను.

"పిల్లలున్నయా?"

"ఉండు, చూస్తున్న," అని, సిగ్నల్ పోయేదాకా ఒక్కొక్కదాని సంగతీ చెబుతూనే ఉన్నాను.