అవే గుంతలు

ఆ పిల్లను చూస్తే నాకు ఒళ్లు మంట. రోజూ రెంటచింతల నుంచి బస్సులో వస్తుంది. అంత ఎండలో పడి వచ్చి కూడా అప్పుడే ముఖం కడుక్కున్నదానిలా నవ్వుతుంది. మా మున్సిపల్ ఆఫీసులో నా పక్క సీటు. పని నేర్పింది నేను. మధ్యాహ్నం కిటికీ దగ్గర క్యారేజీలు విప్పుకుని ఇద్దరం కలిసే తినేవాళ్లం.

ఆ ఏడాది కొత్త పని వచ్చిపడింది. ఆఫీసు ఎంత కరెంటు కాలుస్తోంది, నీళ్ల ట్యాంకర్లకు ఎంత డీజిల్ పోస్తోంది, చెత్త ఎక్కడ పారబోస్తోంది, అన్నీ కొత్త ప్రమాణాల ప్రకారం నివేదిక రాసి జనం ముందు పెట్టాలట. కమిషనర్‌గారు మా ఇద్దరినీ చెరొకటి రాయమన్నారు. ఏది నచ్చితే అది రాసినవాళ్లు అమరావతిలో స్టేజీ ఎక్కి చదివి వినిపించాలి. ఇంకెవరు, నేనే అనుకున్నాను. పట్టుచీర కూడా తీసిపెట్టుకున్నాను.

నేను ముచ్చటగా రాశాను. పచ్చదనం గురించి చెప్పేచోట, ఆవరణలో మొక్కలు నాటుతున్న ఫోటోలు పెట్టాను. ఆ పిల్ల ఏం రాసింది? ఏటా వానలకు మొక్కలు నాటి ఫోటో దిగుతున్నాం, ఎండాకాలం నీళ్లు పోసే దిక్కులేక చస్తున్నాయి, మళ్లీ అవే గుంతల్లో కొత్తవి పెడుతున్నాం అని రాసింది!

"ఏందమ్మా ఇది, మన పరువు మనమే తీసుకుంటామా?" అన్నారు కమిషనర్‌గారు. నా కడుపులో చల్ల పోసినట్టయింది. అయినా ఆయన రెండూ పంపారు. అమరావతివాళ్లకు నచ్చింది ఆమెదే. చెడు కూడా దాచకుండా చెప్పడమే అసలు ప్రమాణమట. చచ్చిన మొక్కలకు మెప్పులా! ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

"అక్కా, నాకు చానా భయంగా ఉంది, నువ్వూ రావా?" అని బతిమాలింది. వెళ్లాను. వెనక వరసలో కూర్చుని, ఒక్కసారన్నా తడబడకపోతుందా అని ఎదురుచూశాను. తడబడలేదు, దొంగముండ.

చివర్లో ఒక పెద్దాయన అడిగారు, "ఈ గుంతల సంగతి నీకెట్టా తట్టిందమ్మా?"

"నాకేడ తట్టుద్ది సార్! మా అక్క రోజూ అన్నం తింటా కిటికీలోంచి చూసి అనేది, ఈ గుంతలకి ఇంకెన్ని మొక్కలు మింగితే కడుపు నిండుద్దే అని. నేను రాశానంతే. అదుగో, వెనకాల కూర్చుంది."

హాలంతా నా వైపు తిరిగింది. ఆ పట్టుచీరలోనే లేచి దండం పెట్టాను. నాకూ చప్పట్లు కొట్టారు, ఆమె ఇప్పిస్తే.