పసుపు నడుమ కనకాంబరాలు

యుద్ధం ముగిసిన ఏడాది నేను కాపురానికి వచ్చాను. తిరుపతి కొండ కింద, చంద్రగిరి దారిలో మా అత్తవారి మామిడితోపు. ఇల్లు తోపు మధ్యలోనే ఉండేది. అత్తగారు అప్పటికే లేరు. ఇంట్లో మామగారు, మా ఆయన, నేను. నగరి దగ్గర మా పుట్టింటి పెరట్లో పొద్దస్తమానం ఎండే. ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా వాకిట్లో నీడే.

"ఇవి నీడలోనూ బతుకుతాయి, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తాయి" అని అమ్మ తడి గోనెపట్టాలో చుట్టి పదో పన్నెండో కనకాంబరం మొక్కలు ఇచ్చింది. వంటింటి వెనక పెద్ద మామిడిచెట్టు కింద నాటాను. మొదటి కంకులు వేశాయో లేదో, ఒకరోజు తెల్లవారి చూస్తే మోళ్లు మిగిలాయి. మట్టి నిండా చీలిన గిట్టల గుర్తులు. కొండ మీంచి దుప్పులు దిగి వచ్చాయి.

ముళ్లకంప వేస్తే దూకి వచ్చాయి. పాత చీర కడితే రెండు రోజులు బెదిరాయి. మూడో రోజు ఆ చీర కొంగు కూడా నమిలి పోయాయి.

"పోనీలే మామా, పూలు అంగట్లో కొనుక్కుంటా" అన్నాను. ఆయన ఊరుకోలేదు. ఒక వేకువన అలికిడి విని, కర్ర పట్టుకుని తరిమారు. పాదు గుంతలో కాలు పడి మోకాలి కింద ఎముక విరిగింది. మా ఆయన రైల్లో, ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించి తీసుకొచ్చారు.

ఆయన్ని మంచం మీద చూడగానే నాకు ఏడుపు ఆగలేదు.

"నా పూలపిచ్చి వల్లే గదా మీకిట్లా అయింది. ఆ మోళ్లు పీకేస్తా మామా."

"పీకద్దు" అన్నారు ఆయన. "మంచం ఎనక పక్క వసారాలో ఎయ్యండి, సెట్టు కనపడే తావున. నాకిప్పుడు పనీపాటా ల్యా గదా. అవి ఏం తింటాయో, ఏం తినవో సూస్తా."

నెల రోజులు అదే ఆయన పని. తెల్లవారకముందే లేచి కదలకుండా కూర్చునేవారు. నేను అంబలి తీసుకెళ్లగానే ఆనాటి సంగతులు చెప్పేవారు. ఒకరోజు ఆయన గొంతులో హుషారు పొంగింది.

"ఈపొద్దు మూడు వచ్చినాయమ్మా. పెరట్లో సిలగడదుంప తీగెలు మేసినాయి. పసుపు మొక్కల కాడ మూతి పెట్టి, తుమ్మి ఎనక్కి పోయినాయి! వామాకు కూడా ముట్టుకోలే."

ఇద్దరం నవ్వుకున్నాం. కాలు విరిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ ఘాటు వాసన వాటికి పడదని ఆయన తేల్చారు. ఆయన మంచం మీంచి చెబుతుంటే నేనూ మా ఆయనా తవ్వాం. మోళ్ల చుట్టూ మూడు వరసలు పసుపు, మామిడల్లం దుంపలు పెట్టి, సందుల్లో వామాకు కొమ్మలు గుచ్చాం. వానలకు పసుపు మోకాలెత్తు లేచింది. లోపల కనకాంబరం మోళ్లు చిగిర్చాయి. ఒకసారి దుప్పిపిల్ల ఒకటి దూరి రెండు మొక్కలు కొరికింది గానీ, మిగిలినవి పూశాయి. మొదటి మూర కట్టుకుని తల్లో పెట్టుకున్న రోజు ఎన్నిసార్లు అద్దం చూసుకున్నానో!

చలికాలంలో పసుపు ఆకు ఎండి వాలిపోయినప్పుడు మళ్లీ దిగులు పట్టుకుంది. వామాకు ఒక్కటే గుబురుగా నిలిచింది. నాలుగు మొక్కలు దుప్పుల పాలయ్యాయి. మామగారు మాత్రం దుంపలన్నీ తవ్వనివ్వలేదు. సగం భూమిలోనే వదిలేయమన్నారు. మరుసటి తొలకరికి అవి వాటంతట అవే మొలకలెత్తాయి.

అప్పటికి ఆయన కర్ర ఊతంతో నడుస్తున్నారు. పూలమడి చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగి, తూర్పు పక్క చెట్టు దగ్గర ఆగారు.

"దీని కింద తావు ఊరికే పడుండాది. ఈడేం పెడదాం?"

"మల్లె నీడకు పూయదు మామా. కనకాంబరాలే నాటుదాం."

"అయితే కొమ్మలు తుంచుకు రా" అన్నారు. మా ఆయన పార తెచ్చారు. ఆ సాయంత్రానికి రెండు వరసలు నాటేశాం.