వెండి రంగు రెక్సిన్‌లో మా తమ్ముడు

తెనాలిలో జాకెట్లు కుట్టుకునేదాన్ని నేను. నా మిషన్ మీద పట్టు నలిగింది, జార్జెట్ జారింది, కానీ పోయినేడాది దాకా అంతరిక్షం జోలికి మాత్రం పోలేదు. ఆ పుణ్యం మా తమ్ముడిది.

వాడు రేపల్లెలో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేస్తాడు. ముప్పై దాటాయి. ఆ పనే ఎందుకంటే, అక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. వాడికి నత్తి.

చిన్నప్పటి నుంచీ వాడి మాటలు నేనే పూర్తిచేస్తాను. వాడు అవస్థపడుతుంటే చూడలేను. ఓపికా తక్కువే నాకు, దాచుకోవడం దేనికి? అన్నం తింటూ వాడు "పె..." అనగానే గిన్నె వంచి పెరుగు వేసేసేదాన్ని. వాడడిగేది పెసరపచ్చడి. ఆ సంగతి పెద్దయ్యాక ఒకరోజు వాట్సాప్‌లో రాశాడు, "నాకు పెరుగు పడదక్కా" అని. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని తిన్నాడు పాపం. సిగ్గుపడ్డాను, కానీ అలవాటు మాత్రం మానలేదు.

బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు సైన్స్ ఫిక్షన్ వేషాల పోటీ పెట్టారు. ఎవరైనా రావచ్చు, వేషం మాత్రం ఇంట్లో కుట్టినదై ఉండాలి. వాడు ఫోన్‌లో బొమ్మ గీసి పంపాడు. ఇంకో గ్రహం నుంచి వచ్చి, చెడిపోయిన ఉపగ్రహాలు బాగుచేసే మెకానిక్ అట. ఒళ్ళంతా వెండి రంగు, నడుముకి పనిముట్ల పట్టీ, మొహం కూడా కప్పేసే గుండ్రటి టోపీ. బొమ్మ చూసి మురిసిపోయాను. కింద నియమాలు చదివేసరికి ఆ మురిపెం కాస్తా పోయింది. వేదిక మీద నిమిషంసేపు నిలబడి, తామెవరో చెప్పుకోవాలట.

వెంటనే ఫోన్ చేశాను. "నువ్వు ఊరికే నడువు. పక్కన మైకు పట్టుకుని నేను మాట్లాడతా" అన్నాను. వాడు "అ..." అనగానే ఫోన్ పెట్టేశాను. అలాగే అన్నాడనుకున్నాను.

నెలరోజులు ఆదివారం ఆదివారం పాసింజర్‌లో వచ్చాడు. రెక్సిన్ కుట్టడం జాకెట్టు కుట్టడం లాంటిది కాదు. మిషన్ పాదం కింద అంటుకుపోయి ఒక్క అంగుళం కదలదు. టాల్కం పౌడరు చల్లితే కదిలింది. ఇల్లంతా పసిపిల్లలున్న ఇంటి వాసన. గుండుసూది గుచ్చకూడదు, బట్టల క్లిప్పులు పెట్టుకోవాలి. కుట్టు తప్పితే విప్పీ లాభం లేదు, బెజ్జాలు అలాగే ఉండిపోతాయి. సూదులు ఎన్ని విరిచానో, ఎన్ని తిట్లు తిట్టానో! వాడు మాత్రం నవ్వుతూ వాటర్ క్యాన్ కోసి, దానికి కారు అద్దాల నల్ల కాగితం అంటించి, టోపీ చేసుకున్నాడు. మాట అవసరం లేని పనిలో వాడంత హుషారైన మనిషిని నేను చూడలేదు.

పోటీ రోజు పొద్దున నా తెలివి బయటపడింది. కొలతలన్నీ వాణ్ణి నిలబెట్టే తీశాను. రెక్సిన్ సాగదు కదా, కూర్చోబోతే వెనక చిరిగేట్టుంది. మడతపెడితే గీతలు పడతాయని ఇంటి దగ్గరే తొడిగేశాం. రైల్లో తెనాలి నుంచి బాపట్ల దాకా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చేపల గంప ముందు పెట్టుకున్న ఒకావిడ వాణ్ణి ఎగాదిగా చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటమ్మా, మళ్ళీ వచ్చిందా ఆ మాయరోగం కరోనా?" అంది.

"లేదండి, వేషం అండి. పోటీకెళ్తన్నాం" అన్నాను.

"ఆ అబ్బాయికి నోరు లేదా ఏంటి, నువ్వు చెప్తన్నావు?"

ఒళ్ళు మండింది. వాడు మాత్రం ఆవిడ వైపు కాదు, నా వైపు చూశాడు.

హాలు కిటకిటలాడుతోంది. వాడి వంతు రాగానే నేను పక్కన సిద్ధంగా నిలబడ్డాను. కానీ వ్యాఖ్యానం చెప్పే అమ్మాయి మైకు తిన్నగా వాడి చేతికిచ్చింది. వాడు దాన్ని నాకివ్వలేదు. టోపీ అంచు దగ్గర పెట్టుకున్నాడు.

"నే... నే... నేను... ఉప... ఉప... ఉపగ్రహాల మె... మెకానిక్‌ని."

నేను మైకు కోసం చెయ్యి చాపాను. అంతలో వెనక నుంచి ఎవరో "సిగ్నల్ కట్టవుతుందిరా!" అని అరిచారు. హాలంతా నవ్వులు, ఈలలు. ఎగతాళి నవ్వులు కావవి. నిజంగా నచ్చి నవ్వారు. అది నటన అనుకున్నారు. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. హమ్మయ్య, బయటపడ్డాం అనుకున్నాను.

న్యాయనిర్ణేత ఒకాయన లేచి మరీ చప్పట్లు కొట్టాడు. "ఆ మాట తెగిపోతా రావడం చూశారా, అద్భుతమండి! ఏ యాప్ వాడావు బాబూ?"

వాడు నోరు తెరిచేదాకా నేనాగగలనా? పక్క నుంచే గట్టిగా, "ఏదో యాపేనండి, ఫోన్లో పెట్టాడండి!" అని అరిచాను.

వాడు మైకు చంకలో పెట్టుకుని రెండు చేతులతో టోపీ ఎత్తాడు. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోయింది. మొహం ఎర్రగా ఉంది. మైకు మళ్ళీ తీసుకున్నాడు.

"యా... యా..."

నా నోరు దానంతటదే తెరుచుకుంది. వాడు నా వైపు తిరక్కుండానే అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరాలు లేచాయి. ఎవరూ నవ్వలేదు. ఆ వాక్యం బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నేను మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగాను.

"యాప్ కా... కాదండి. నా మా... మాటే. మా అక్క అ... అ... అబద్ధం చెప్పింది."

ఈసారి హాలంతా నన్ను చూసి నవ్వింది. అంతమందిలో నా పరువు తీశాడు. కళ్ళు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ముప్పై ఏళ్ళలో నేను మధ్యలో అందుకోకుండా విన్న మొదటి జవాబు అది, చివరిదాకా వాడే చెప్పాడు.