నూకమ్మకు దొరికిన చరణం

బస్తర్ అడవుల్లోని బచేలి రైల్వే కాలనీలో ఉండే నూకమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఆమె తాత వందేళ్ల కిందట విజయనగరం దగ్గర ఒక నాటకం కంపెనీలో ఆడవేషాలు కట్టేవాడు. ముసలితనంలో ఆ పాటలు మనవరాలికి నేర్పాడు. గ్యాంగ్‌మన్ భర్త వెంట బస్తర్ వచ్చాక, వినేవాళ్లు లేక అవి ఒక్కొక్కటే జారిపోయాయి.

మిగిలినవాటిలో ఒకటంటే ఆమెకు ప్రాణం. అలిగిన రాణి తలుపు వేసుకుంటే రాజు బయట నిలబడి 'తలుపు తీయవే తరళాక్షీ, తడిసితి నీ వాకిట' అని బతిమాలే పాట. మాటలన్నీ గుర్తే. చరణం వరస మాత్రం పోయింది. నలభై ఏళ్లుగా ఆ రాజు వానలోనే ఉండిపోయాడు.

మొన్న ఆషాఢంలో సంతనుంచి పుట్టగొడుగులు కొనుక్కుని వస్తుంటే ప్రార్థన మందిరంలోంచి ఏసు కీర్తనగా ఆ వరసే వినబడింది. పల్లవి అయింది. చరణమూ వచ్చింది! నూకమ్మ సంచీని గుండెకు హత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పాడుతున్నది రిటైరైన రైల్వే కీమన్ ఏలియా. ప్రార్థన కాగానే అతని చెయ్యి పట్టుకుంది.

"ఏలియా, ఈ వరస నీకెక్కడిది?"

"మా తాత కట్టిన కీర్తన వదినా. ఏటైంది?"

"ఇది మా తాత నాటకం పాటయ్యా!"

ఏలియా బిత్తరపోయి, ఆనక పడీపడీ నవ్వాడు. "అయితే మా తాత దొంగసాటుగా నాటకాలకెళ్లీవోడన్నమాట! మమ్మల్ని సినిమా పాట పాడనిచ్చీవోడు కాడు!"

ఆ సాయంత్రమే ఆమె మాటలూ అతని వరసా కలిశాయి. ఏలియా తన తాత కీర్తనల పుస్తకం తిరగేసి పాడుతుంటే మరో పది నాటకం పాటల వరసలు బయటపడ్డాయి.

దసరాకు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పాడమన్నారు. వెనకటిలా ఆడవేషం మగవాడే కట్టాలని ఏలియా పట్టుచీర చుట్టుకున్నాడు. నూకమ్మ కాటుకతో మీసం దిద్దుకుని రాజయింది. చరణం పూర్తయినా రాణి తలుపు తియ్యలేదు. ఏలియా నవ్వాపుకోలేక చీరచెంగు నోట్లో కుక్కుకుని లోపల కూలబడిపోయాడు.

"రాణీ, తలుపు తియ్యే! జలుబు చేసీసింది!" అని గద్దించాడు రాజు.

హాలంతా గొల్లుమంది. తెలుగువాళ్లు "వన్స్ మోర్!" అన్నారు, హిందీవాళ్లు "ఫిర్ సే!" అన్నారు. నాలుగుసార్లు పాడించారు. పక్క ఊరు కిరందుల్ వాళ్లు వచ్చే నెలకు పిలిచి వెళ్లారు.

మర్నాడు పొద్దున్నే నూకమ్మ మీసం కడుక్కోకుండానే పాలకు వెళ్లింది. "రామ్ రామ్, రాజాసాబ్!" అన్నాడు పాలవాడు. ఆమె నవ్వకుండా చెయ్యెత్తి దీవించింది.